పద్నాలుగో వరుస

నట్టు చేతికి పాత సామాను వెళ్తే తిరిగి రాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. నట్టు మా మరిది కొడుకు, నలభై దాటినవాడు. వాడి గది నిండా పాత కంప్యూటర్లే. బాగుచేస్తానని పట్టుకెళ్ళిన వాళ్ళ మేనత్త రేడియో కూడా అక్కడే తేలింది. అందుకే మా అక్క కంప్యూటర్‌తో పాటు నేనూ వెళ్ళి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

అక్క పోయి ఆరు నెలలు. చివరిసారి మాటా మాటా అనుకుని విడిపోయాం. తర్వాత ఫోన్ చేసి, "నీకు ఉత్తరం రాశాను, కంప్యూటర్లో ఉంది, వచ్చి చదువుకో" అంది. పంతానికి పోయి వెళ్ళలేదు. ఇప్పుడు ఆ డబ్బా లేవనంటోంది.

"ఇందులో సిస్టమ్ పాడైంది పెద్దమ్మా. డిస్కు బాగానే ఉంది. బయటినుంచి వేరే కెర్నల్ పెట్టి లేపుతాను."

"అదేంట్రా?"

"మిషన్ లేవగానే ముందు పని అందుకునేది. డిస్కునీ కీబోర్డునీ తెరనీ ఒక్కొక్కటిగా పలకరిస్తుంది."

"నీ పెళ్ళిలో నేను చేసిన పనేగా."

పలకరించినవాటి పేర్లు తెరమీద వరుసలుగా పరిగెత్తి టక్కున ఆగిపోయాయి. ఈ పాతదాని మెమరీకి ఆ కెర్నల్ మరీ పెద్దదట. అక్కర్లేనివి తీసేసి తనే చిన్నది కడతానన్నాడు.

"అక్కర్లేనివని ఎవరు చెప్పారు?"

"నేనే."

నా అనుమానం ముదిరింది. తెర ఆర్పొద్దని చెప్పి, ఆ వరుసలన్నీ పుస్తకంలో ఎక్కించుకున్నాను. నేను బడికి వెళ్ళలేదు. తెలుగు పొట్లాల కాగితాల మీద, ఇంగ్లీషు అక్షరాలు మందుల డబ్బాల మీద నేర్చుకున్నాను. అర్థం తెలియకపోయినా అక్షరం పొల్లుపోదు.

మూడో రోజు తను కట్టిన కెర్నల్ ఫ్లాపీలో తెచ్చాడు. ఈసారి వరుసలు చివరిదాకా వచ్చాయి. కానీ డిస్కు కనబడలేదు.

"డిస్కు పోయినట్టుంది పెద్దమ్మా. ఇక లాభం లేదు. డబ్బా ఇక్కడే వదిలెయ్, విడిభాగాలకి పనికొస్తుంది."

ఒళ్ళు మండింది. "మొన్న బాగున్నది ఇవాళ ఎలా పోయిందిరా? రేడియోకి చెప్పిన కథే నాకూ చెప్తున్నావా?"

పుస్తకం తీసి, వేలు పెట్టి వరుసకి వరుస సరిచూశాను. కొన్ని లేవు. అవెందుకు తీశావని ఒక్కొక్కటీ అడిగాను. మొదట నవ్వుతూ చెప్పాడు. పద్నాలుగో వరుస దగ్గరికొచ్చాను.

"హెచ్, డి, ఏ. ఇదెక్కడ?"

నవ్వు ఆగిపోయింది. పుస్తకం లాక్కుని చూశాడు.

"అయ్యో! డిస్కు వరుసే ఇది. నా మిషన్‌కి రాసుకున్న జాబితాతోనే కట్టేశాను. నా దాంట్లో డిస్కు వేరే రకం. నీ డిస్కుని పలకరించే ముక్కే పెట్టలేదు!"

"పలకరించకుండానే పోయిందన్నావన్నమాట."

అన్నాక నాకే గుర్తొచ్చింది. ఆరు నెలల క్రితం నేను చేసిందీ అదే.

సాయంత్రానికి మళ్ళీ కట్టాడు. ఆ వరుస వచ్చింది. ఉత్తరం తెరిచి, కుర్చీ జరుపుకుని పక్కకి తిరిగాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. కూడబలుక్కుంటూ చదివాను.

"చెల్లీ, నువ్వు రావని తెలుసు. అయినా గడియ పెట్టలేదు."

నట్టు ఇటు తిరిగి అడిగాడు. "ఆపేయనా పెద్దమ్మా?"

"చెయ్యి తియ్. మళ్ళీ లేస్తుందని ఏంటి నమ్మకం?"

పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, ఉత్తరం మొదటి వరుస నుంచి ఎక్కించుకోవడం మొదలుపెట్టాను.