ఆఖర్న లేచే మనిషి

మధ్యాహ్నం అన్నాల బెల్లు మోగింది. నర్సీపట్నం జీడిపప్పు ఫ్యాక్టరీలో నేల మీద కూర్చుని పొట్టు తీస్తున్న ఆడవాళ్ళంతా చీరలు దులుపుకుని లేచారు. బుల్లమ్మ మాత్రం కాలివేళ్ళు ముడిచి విప్పి, గోడ పట్టుకుని, నిమ్మళంగా ఆఖర్న లేచింది.

"బుల్లమ్మని సూసి నేర్సుకోండి. బెల్లు కొట్టినా పని ఒగ్గదు" అన్నాడు సూపర్వైజరు గణేశ్వరరావు. పద్నాలుగేళ్ళుగా ఇదే మాట. పాపం, ఆయనకేం తెలుసు! గబుక్కున లేస్తే ఆమెకు గుండె దడదడలాడి కళ్ళు చీకట్లు కమ్ముతాయి.

ఒంటి మీద దద్దుర్లు లేస్తే జీడి సొన అంటుకుందన్నారు. తిన్న అరగంటకే కడుపు మెలిపెట్టి బయటికి పరిగెడితే, దొంగతనంగా పప్పు మెక్కి అరక్క అని నవ్వారు. ఒక్క పలుకయినా నోట్లో వేసుకోని మనిషి కుమిలిపోయింది. గ్యాస్ బిళ్ళలు మింగీ మింగీ విసిగిపోయింది.

కిందటి నెల విశాఖలో ఒక డాక్టరమ్మ ఆమెను పడుకోబెట్టి, తర్వాత పది నిమిషాలు నిలబెట్టి నాడి చూసింది. రక్తపరీక్షలు చేయించింది. ఒంటిని కాపాడాల్సిన కణాలే ఊరికే రెచ్చిపోయి దద్దుర్లూ కడుపునొప్పీ తెస్తున్నాయంది. లేచినప్పుడు గుండెనీ, తిన్నప్పుడు పేగుల్నీ నడిపే నరాలు కూడా అదుపు తప్పాయంది. కొందరిలో ఈ రెండూ కలిసే ఉంటాయని, ఒక్క కడుపునే చూస్తే జబ్బు దొరకదని చెప్పింది. ఎక్కువసేపు నిలబడొద్దని కాగితం మీద రాసిచ్చింది. తనను నమ్మిన మనిషి ఒకరు దొరికినందుకు బుల్లమ్మ అక్కడే ఏడ్చేసింది. ఆ కాగితం మాత్రం ఫ్యాక్టరీలో ఎవరికీ చూపలేదు. భర్త పోయాక పక్కూరు నాతవరంలో ఆమె ఇంట పొయ్యి వెలిగేది ఈ పనితోనే.

అన్నాలయ్యాక గణేశ్వరరావు ఆమెను కొత్త మిషను దగ్గరికి పిలిచాడు. బెల్టు మీద కదిలే పప్పుల్ని నిలబడి ఏరాలి. ఆమె చేతికి తెల్ల టోపీ ఇచ్చాడు.

"రేపట్నించి కింద కూకునే పనుండదు. అందరూ నిలబడే సెయ్యాల. ముందు నువ్వే మొదలెట్టు."

టోపీ పెట్టుకుంది. కాసేపటికే మెడ వేడెక్కింది. చేతుల నిండా ఎర్రగా దద్దుర్లు పొంగాయి. కడుపులో మెలి. పప్పులు ఒకటికి రెండుగా కనబడుతున్నాయి.

"పిన్నీ, ఏటలా అయిపోతన్నావు?" పక్కనున్న దేవి భయపడింది.

పడితే చెయ్యి మిషన్లోకే పోతుంది. బుల్లమ్మ టోపీ తీసేసి, ఆ సిమెంటు నేల మీదే చతికిలబడింది.

"నేనాకర్న లేసేది పని మీద పేమతో కాదండి బాబూ. బేగి లేస్తే పడిపోతానని."

"మరి ముందే సెప్పొచ్చు కదా?" అన్నాడు సూపర్వైజరు.

"సెప్తే ఉంచుతారేటండి?"

గణేశ్వరరావు మిషను వైపు చూశాడు. గుండె కుదుటపడేదాకా బుల్లమ్మ అక్కడే కూర్చుంది. అప్పుడు గోడ పట్టుకుని లేచి, టోపీని బెల్టు మీద పెట్టి, చెప్పులు తొడుక్కుని, గేటు బయట ఆటోల వైపు నడిచింది.

బెల్టు మీద ఆమె తీసి పెట్టిన టోపీ, తెల్లటి పప్పుల మధ్య మెల్లగా కదులుతూ పోతోంది.