పీట ఎత్తు

బెండకాయలు తరుగుతూ పీట మీద నిలబడి ఉన్నాను. కూర్చొని కాదు, నిలబడే. మా ఇంట్లో పీట ఉన్నది కూర్చోవడానికి కాదు, వంటగట్టు అందుకోవడానికి.

ఆ గట్టు సంగతి చెప్పాలి. మా మామయ్య రామకిషన్‌రావు గారిది గ్రానైట్ వ్యాపారం. ముప్పై అయిదేళ్ల కింద కరీంనగర్‌లో ఈ ఇల్లు కట్టేటప్పుడు, తన క్వారీలో తీసిన మొదటి బండను మందంగా కోయించి, మెరుగు పెట్టించి వంటింట్లో వేయించారు. హాల్లో సోఫాలో కూర్చున్న చుట్టాలకు కూడా ఆ ఎర్ర బండ కనబడాలని ఆయన పట్టుదల. "ఎంత ఎత్తు పెడ్దాం దొరా?" అని మేస్త్రీ అడిగితే, ఆరడుగుల మనిషి వంటింట్లోకి వచ్చి నిలబడి, తన నడుం దగ్గర చెయ్యి పెట్టి "గీడికి" అన్నారట. అయిదడుగులు కూడా నిండని మా అత్తమ్మ జానకీబాయి అప్పుడు గుమ్మం దగ్గరే కుంపటి మీద మేస్త్రీలకు ఛాయ్ కాస్తోంది. ఆమెను ఎవరూ అడగలేదు. గట్టు అందడం లేదని తెలిశాక వడ్రంగి చేత టేకు పీట ఒకటి చేయించి ఇచ్చారు. నేను కోడలిగా వచ్చిన వారానికి అత్తమ్మ ఆ పీటను నా వైపు జరిపి, "ఇగ ఇది నీది బిడ్డా," అంది. కొన్ని ఇళ్లలో కోడళ్లకు వడ్డాణాలు ఇస్తారు. నాకు పీట వచ్చింది.

నేను అయిదడుగుల ఒక అంగుళం. పదకొండేళ్లుగా ఆ పీట ఎక్కి దిగుతున్నాను. నా ఉద్యోగం ఏమిటో చెబితే నవ్వుతారు, నేను స్పోర్ట్స్ కార్లు గీస్తాను. తురగ మోటార్స్ అని ఒక కంపెనీ ఉంది. పంతులమ్మ, నర్సు, బ్యాంకు గుమస్తా కూడా కొనుక్కోగలిగే స్పోర్ట్స్ కారు చేస్తామని బయల్దేరింది. ఆ కారు పేరు డేగ. వారానికి రెండు రోజులు బస్సెక్కి హైదరాబాద్ స్టూడియోకు పోతాను, మిగతా రోజులు ఇంట్లోనే, పడకగదిలో కిటికీ పక్క బల్ల మీద. డేగ ముక్కు, నడుము, దీపాలు, తోక, అన్నీ నా చేతి గీతలే. గొప్ప చెప్పుకుంటున్నానా అంటే, అవును, చెప్పుకుంటున్నాను. ఈ ఇంట్లో నా గొప్ప నేను చెప్పుకోకపోతే చెప్పే దిక్కు లేదు.

దిక్కు లేదని ఎందుకంటున్నానంటే, ఆ ఆదివారం పొద్దున బెండకాయలు తరుగుతుంటే హాల్లోంచి మా ఆయన సంతోష్‌రావు మాటలు వినబడుతూనే ఉన్నాయి. స్నేహితులెవరో నా ఉద్యోగం గురించి అడిగారు. "మా మధు కార్లకు రంగులు సూస్తది. ఇంట్ల కూసోని చేసే నౌకరే, పరేషాన్ ఏం లేదు," అన్నాడు. వెంటనే గొంతు పెంచి, "మధూ, జర ఇంకో నాలుగు ఛాయ్!" అన్నాడు. అది మూడో విడత. పరేషాన్ లేని నేను కత్తి పక్కన పెట్టి, పీట దిగి, పాలు తీసుకొని, మళ్లీ పీట ఎక్కాను.

నిజానికి ఆ వారం నా పరేషాన్ నాకు ఉంది. గురువారం మా స్టూడియో పెద్ద సుధాకర్ గారు రాశారు. కారు ధర మేం మాటిచ్చిన దానికంటే పెరిగిపోతోంది, రెండింటిలో ఒకటి తీసేయాలి. ఒకటి, డేగ వెనక రెక్క లాగా లేచి ఉండే తోక. రెండోది, డ్రైవరు తన సీటును పైకీ కిందికీ జరుపుకునే మీట. ఏదో ఒకటి చెప్పండి, సోమవారం పదకొండింటి మీటింగులో ఖాయం చేస్తాం, మధ్యాహ్నానికి అచ్చులు చేసేవాళ్లకు పోతుంది, ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా మార్చలేం అన్నారు. నేను నిమిషం కూడా ఆలోచించలేదు. తోక నాది. దాని వంపు కోసం ఎన్ని బొమ్మలు గీసి చింపేశానో లెక్క లేదు. రేపు కారు జనం ముందుకు వస్తే ఎవరు గీశారని అడిగేది ఆ తోకను చూసే. "మీట తీసేయండి. పొట్టివాళ్లు ఒక దిండు వేసుకుంటే సరిపోతుంది," అని రాసి పంపించాను. ఎవరూ నా చేత రాయించలేదు, నేనే రాశాను.

ఆదివారం మధ్యాహ్నం నాకు ఒక చిన్న అనుమానం తీర్చుకోవలసి వచ్చింది. డ్రైవరు వెనక వచ్చే బండ్లను చూసుకునే అద్దంలో తోక ఎంతవరకు అడ్డం వస్తుందో కొలవాలి. స్టూడియోలో అయితే నమూనా ఉంటుంది. ఇంట్లో ఏముంటుంది? కొత్త ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెను డేగ డ్యాష్‌బోర్డు ఎత్తుకు కోసి హాల్లో నిలబెట్టాను. సోఫా మీది మెత్తను కింద పరిచాను, స్పోర్ట్స్ కారు సీటు నేలకు అంత దగ్గరగానే ఉంటుంది. మొహం చూసుకునే అద్దాన్ని పైన వేలాడదీశాను. వెనక రెండు కుర్చీల మధ్య చీపురు కట్టాను, అదే తోక. ఇక కూర్చునే మనిషి కావాలి. సంతోష్‌ను అడిగితే, "ఆదివారం గూడ నీ ఆఫీసేనా?" అని అటు తిరిగి పడుకున్నాడు. మామయ్య భోంచేసి క్వారీకి పోయారు. మిగిలింది అత్తమ్మ.

"అగబాయి! నాకు సైకిలే రాదు, కారేంది?" అంది. అత్తమ్మ పుట్టిల్లు ఆదిలాబాద్. ఆశ్చర్యం వస్తే ఆమె నోట మరాఠీ ముక్కే ముందు వస్తుంది.

"నడిపేది లేదత్తమ్మా, ఉత్తగ కూసోండ్రి."

మోకాళ్లు పట్టుకొని ఆమె మెల్లగా కూర్చుంది. స్టీరింగ్ బదులు చేతికి చాట ఇచ్చాను. నేను నవ్వుతున్నాను గానీ ఆమె నవ్వలేదు. చాటను రెండు చేతులతో గట్టిగా పట్టుకొని, మెడ సాచి ముందుకు చూసింది.

"అద్దంల చీపురు కనవడ్తుందా?"

"చీపురు సంగతి తర్వాత సూద్దాం. ముందట ఏం కనవడ్తలేదు బిడ్డా. డబ్బనే కనవడ్తుంది."

"రోడ్డు డబ్బకు అవతల ఉంటది అత్తమ్మా."

"ఉంటె ఉన్నది తీ. నాకు కనవడాలె గదా?"

"ఒక దిండు ఏసుకుంటె సరిపోతది," అన్నాను, టేపు సరిచేసుకుంటూ.

అత్తమ్మ చాటను ఒళ్లో పెట్టుకుంది. "సరిపోతది," అంది మెల్లగా. "గా పీట తెచ్చిచ్చిననాడు మీ మామయ్య గూడ గదే మాట అన్నరు."

చీర అంచు జరిపి ఎడమ పాదం చూపించింది. పాదం మీద చర్మం ముడతలు పడి మెరుస్తూ ఉంటుంది. పదకొండేళ్లుగా ఆ మచ్చ చూస్తూనే ఉన్నాను, ఒక్కనాడు అడగలేదు.

"సంతోష్‌కు అయిదేండ్లుండె. ఉడుకుడుకు పప్పు గిన్నె పట్టుకొని పీట దిగుతున్న, పీట ఒరిగింది. ఆర్నెల్లు చెప్పు తొడగలే. సూడ వచ్చినోళ్లందరిది ఒక్కటే మాట, చూసుకోని దిగొద్దా అని. గట్టు గంతెత్తు ఎందుకున్నదని ఒక్కరు అడగలే. ఎవల్నో అనుడెందుకు, నేను గూడ అడగలే బిడ్డా. తప్పు నాదే అనుకున్న."

ఆమెను లేపి నేను కూర్చున్నాను. నాకూ డబ్బానే కనబడింది. మెడ సాచాను, వీపు నిటారు చేశాను, డ్యాష్‌బోర్డు పై అంచు నా కనుబొమల దగ్గరే ఆగింది. నాలుగేళ్లు ప్రాణం పెట్టి గీసిన కారు. అందులో కూర్చుంటే నాకే రోడ్డు కనబడదు. ఏ మగవాడో చేసి ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని. కంప్యూటరులో సీటు మీద కూర్చోబెట్టడానికి ఒక బొమ్మ మనిషి ఉంటాడు, అయిదడుగుల తొమ్మిదంగుళాలు. ప్రోగ్రాం తెరవగానే వాడే వచ్చి కూర్చుంటాడు. ఆడబొమ్మ కూడా ఉంది, జాబితాలో కిందికి పోయి వెతుక్కోవాలి. నాలుగేళ్లలో నేను ఒక్కసారి వెతకలేదు. సంతోష్ కారును నేను నడిపేటప్పుడు దిండు వేసుకుంటాను. ఆయన ఎక్కగానే దాన్ని వెనక్కి విసిరేసి, "గీ దిండు లొల్లి ఎప్పుడు బందయితది?" అంటాడు, నేను నవ్వేస్తాను. స్టూడియోలో కాళ్లు నేలకు అందవని కుర్చీ కింద అట్టపెట్టె పెట్టుకుంటాను, దానికీ నేనే ముందుగా జోకు వేస్తాను, ఇంకొకరు వేయకముందే. వంటింట్లో పీట, కారులో దిండు, ఆఫీసులో అట్టపెట్టె. అదంతా నా ఎత్తు చేసిన తప్పేనని ఇన్నాళ్లూ ఒప్పేసుకున్నాను. ఇప్పుడు నాకు ఒక కారు చేసే అధికారం వస్తే, ఊరందరికీ తలో పీట చేసి ఇవ్వబోయాను. సిగ్గేసింది. ఆ తర్వాత కోపం వచ్చింది, ముందు నా మీద, తర్వాత అందరి మీద. కోపం ఉండగానే ఏం చేయాలో తెలిసిపోయింది.

వంటింట్లోకి పోయి పీట తెచ్చి, మెత్త కింద పెట్టాను. "ఇంకోసారి కూసోండ్రి అత్తమ్మా."

కూర్చుంది. చాట పట్టుకుంది. ఎదురుగా తలుపు తెరిచే ఉంది.

"అగో, కనవడ్తుంది! మన గేటు, గేటు అవతల ఆటో, ఆటోల ఎవలో ముసలాయన." చాటను కుడివైపు తిప్పి, ఎడమవైపు తిప్పింది. "ఎటు పోదాం బిడ్డా? ఆదిలాబాద్ పోదామా?"

ఆమె అంత నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. టేపుతో కొలిచాను. పీట ఇచ్చిన ఎత్తు, మీట హాయిగా ఇచ్చే ఎత్తే. ఫోటోలు తీసుకున్నాను, పీట లేకుండా ఒకటి, పీటతో ఒకటి.

సోమవారం పదకొండింటికి తెర మీద తొమ్మిది మంది ఉన్నారు, నేను తప్ప అందరూ మగవాళ్లే. నా వంతు రాగానే చెప్పేశాను.

"సర్, తోక తీసేద్దాం. మీట ఉంచుదాం."

సుధాకర్ గారు కళ్లద్దాలు సవరించుకున్నారు. "మేడం, మీ మెయిల్ నా ముందటే ఉన్నది. దిండు ఏసుకుంటె సరిపోతదని మీరే రాసిన్రు."

"రాసిన సర్. తప్పు రాసిన."

"తోక లేకుంటె డేగల ఏమున్నది? రేపు మీ పేరు చెప్పేదే అది. ఇంతకు ఆడోళ్లు స్పోర్ట్స్ కార్లు కొంటరా మేడం?"

"కూసుంటె రోడ్డే కనవడని కారు ఎట్ల కొంటరు సర్? కనవడకుంట చేసేది మనమే, కొంటలేరు అనేది మనమే."

ఫోటోలు పెట్టాను. మొదటి దాంట్లో అట్టపెట్టె వెనక అత్తమ్మ నెరిసిన జుట్టు, సగం నుదురు మాత్రమే ఉన్నాయి. ఎవరో కిసుక్కుమన్నారు. "గా చాటేంది మేడం?"

"స్టీరింగు. వెనక చీపురు ఉన్నది సూడుండ్రి, గది నా తోక. నవ్వుడైతే రెండోది పెడ్త."

రెండో దాంట్లో అత్తమ్మ మొహమంతా ఉంది. సుధాకర్ గారు ఆ ఫోటోనే చూస్తూ, "మా ఇంటామె గూడ దిండు ఏసుకునే నడుపుతది. నేనెన్నడు దాని మీద ఆలోచన పెట్టలే," అన్నారు. "మీట ఉంచున్రి," అన్నారు.

తోకను నా చేత్తోనే చెరిపాను. అబద్ధమెందుకు, ఏడ్చాను. మొహం కడుక్కొని వచ్చి చూస్తే డేగ అలాగే ఉంది, కాస్త బోసిగా, కానీ డేగే. ఇంకో వంపు గీసుకునే చెయ్యి నాకు ఉంది. నా పేరు ఎలా చెప్పించుకోవాలో నాకు తెలుసు.

సాయంత్రం సంతోష్‌కు చూపిస్తే మూతి విరిచాడు. "తోక లేకుంటె గదేం స్పోర్ట్స్ కారు? ఈకలు పీకిన కోడి లెక్కున్నది. రంగులు సూసుకునేదానివి, నీకెందుకు గీ పంచాయితీ?"

"నేను రంగులు సూడను సంతోష్. గీ కారు మొత్తం నేనే గీసిన. ఇంకోసారి నీ దోస్తులు అడిగితె గట్లనే చెప్పు."

నేను బయటికి వచ్చి హనుమండ్లు మేస్త్రీకి ఫోన్ చేశాను.

బుధవారం పొద్దున హనుమండ్లు వచ్చాడు. వంటగట్టు బండ దించి, కింది గోడలు కోసి ఎత్తు తగ్గించి, మళ్లీ అదే బండ పెట్టొచ్చు, రెండు రోజుల పని అన్నాడు. మామయ్యకు ఊపిరాడలేదు.

"గా బండ ముట్టుకుంటె పగులుతది! ముప్పై అయిదేండ్ల సంది ఎవలకు లేని తక్లీఫ్ ఇప్పుడేమొచ్చింది?"

"ఏం గాదు సారూ, నలుగురం పట్టి పైలంగ దించుతం," అన్నాడు హనుమండ్లు. టేపు తీసి, అలవాటు ప్రకారం మామయ్య ముందుకే పోయి నిలబడ్డాడు. "ఎంత ఎత్తు పెడ్దాం సారూ?"

మామయ్య చెయ్యి కూడా అలవాటు ప్రకారమే తన నడుం దగ్గరికి పోయింది. నేను నోరు తెరిచేలోపలే, పొయ్యి ముందు నిలబడి ఉన్న అత్తమ్మ స్టవ్ ఆపింది. పీట దిగింది. దాన్ని పక్కకు నెట్టి, నేల మీద రెండు పాదాలూ ఆనించి, మోచెయ్యి మడిచి, అరచెయ్యి గోడకు ఆనించింది.

"హనుమండ్లూ, ఇటు రా. గీడికి. గుర్తు పెట్టు."

హనుమండ్లు పెన్సిలుతో గీత గీశాడు. మామయ్య ఆ గీతను, తన నడుమును మార్చి మార్చి చూసుకున్నారు. ఆ స్టవ్ ఎటు తిప్పితే వెలుగుతుందో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

"గంత కిందికా? రేపు మేమెప్పుడన్న ఛాయ్ పెట్టుకోవాలన్నా వంగాలె గదా?"

అత్తమ్మ గొంతు పెంచలేదు.

"పెట్టుకున్ననాడు వంగుండ్రి."