జెయంతి వాసక్కాలు పెరికిన రోజు

మా తమ్ముడు కుమారసామి వేపచెక్కతో వాసక్కాలు చేయించి, వ్యానులో వేసుకొచ్చి, విరుదునగర్ శివారులో మేము కొన్న ఖాళీ స్థలంలో నిలబెట్టేశాడు. వాసక్కాలంటే వీధివాకిలికి పెట్టే ద్వారబంధం. మా వాళ్ళలో దాన్ని తెచ్చేది మేనమామ. నా కొడుకు సెంథిల్‌కుమార్ పోయి ఏళ్ళు గడిచినా, వాడి ఇంటికి మేనమామగా తను చేయవలసింది చేసి తీరాలని తమ్ముడి పట్టుదల. పైగా ఆ ఇల్లు కట్టబోతున్న జెయంతి తమ్ముడి కన్నకూతురే. మేనత్త కొడుకుని చేసుకున్న పిల్ల. నాకు మేనకోడలూ తనే, కోడలూ తనే.

అప్పటికి తమిళ నెలల్లో వైకాసి అయిపోవస్తోంది. ఆని, ఆడి నెలల్లో మా వైపు ఎవరూ ఇంటిపని మొదలుపెట్టరు. అందుకని వైకాసిలో ఆఖరి మంచిరోజు చూసి, స్థలంలో చిన్న గుంట తీసి, రెండు వరుసల రాళ్ళు పేర్చి, దాని మీద వాసక్కాలు నిలిపి, పసుపు పూసి, మామిడాకులు కట్టి, తిన్నగా కోవిల్‌పట్టిలో మా అద్దె ఇంటికి వచ్చాడు. కూతురు సంతోషపడుతుందని అనుకున్నాడు.

జెయంతి విరుదునగర్ ప్రభుత్వ ఆస్పత్రిలో నర్సు. రోజూ కోవిల్‌పట్టి నుంచి బస్సులో పోయి వచ్చేది. ఆ సాయంత్రం వచ్చి, తండ్రి చెప్పింది విని, భుజం మీది సంచి కూడా దించకుండా గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

“ఎవర్ని అడిగి పెట్టినావు నాయనా?”

“మంచి దినం ఎవర్ని అడిగి వస్తాది? అదిగా వస్తాది. మనం పట్టుకోవాల.”

“హౌసింగు సంగంలో లోను ఇంకా పాసు కాలేదు. పాసు అయ్యేదాకా మన స్థలంలో ఒక్క రాయి ఉండకూడదు. అది రూలు.”

“ఏందమ్మీ, గవర్నమెంటోళ్ళకి పంచాంగం లేదా?”

“లేదు. వాళ్ళు సంతకం పెట్టే దినమే వాళ్ళకి ముహూర్తం.”

తమ్ముడు పెద్దగా నవ్వాడు. నేను నవ్వలేదు. నాది భయపడే ప్రాణం. ఎవరైనా చెప్పులు వేసుకుంటుంటేనే నా గుండె వేగంగా కొట్టుకుంటుంది. నా భర్త తూత్తుకుడి ఉప్పు మడుల్లో పనికని ఒక పొద్దున గడప దాటి వెళ్ళి, మళ్ళీ రాలేదు. నా కొడుకుని జ్వరంతో ఆస్పత్రికి ఎత్తుకుపోయింది కూడా వాకిట్లోంచే. వాడు కోవిల్‌పట్టిలో ఒక ప్రైవేటు ఫైనాన్సులో అప్పు తీసుకుని చిన్న ఇల్లు కట్టాడు. వాడు పోయాక, పదహారో రోజు కర్మ అయిన వారానికి ఆ ఫైనాన్సు వాళ్ళు వచ్చి మమ్మల్ని బయటికి రమ్మని, తాళం వేసుకుపోయారు. చంకలో పిల్ల సంగవితో జెయంతి వీధిలో నిలబడి ఆ తాళాన్ని చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తు. ఏడవలేదు. కాసేపు చూసి, “పద అత్తా” అంది, అంతే.

అందుకే ఆస్పత్రిలో తోటి నర్సు ఒకావిడ గృహనిర్మాణ సహకార సంఘం గురించి చెప్పినప్పుడు జెయంతి అంత పట్టుగా వెంటపడింది. డ్యూటీ అయ్యాక ఆ ఆఫీసుకు పోయి, బెంచీ మీద కూర్చుని, ఒక్కొక్క నిబంధన అడిగి తెలుసుకుని వచ్చేది. ఉల్లిపాయలు తరుగుతూ నాకు చెప్పేది. ఉద్యోగం పర్మినెంటు అయి ఉండాలట. రిటైరయ్యే లోపల బాకీ మొత్తం తీరిపోయేలా వాయిదాలు ఉండాలట. స్థలం తన పేరునే రిజిస్టరై ఉండాలి, దాని మీద వెనకటి నుంచి ఏ తాకట్టూ ఉండకూడదు, తనకు ఇంకెక్కడా సొంత ఇల్లు ఉండకూడదు. “ఇల్లు లేకపోవడంలో మాత్రం నాకు ఫస్టు మార్కు అత్తా” అని నవ్వేది.

వీటన్నిటికంటే తనకు నచ్చిన నిబంధన ఇంకొకటి. ఆ పథకంలో ఇచ్చే ప్రతి అప్పుకీ ప్రభుత్వం బీమా చేయించింది. అప్పు తీసుకున్న మనిషి మధ్యలో చనిపోతే మిగిలినది బీమా వాళ్ళు కడతారు. ఇల్లు ఇంటివాళ్ళకే ఉంటుంది. ఎవరూ వచ్చి తాళం వేయలేరు.

“చావు మాట యాల అమ్మీ ఇప్పుడు?” అని కసిరేదాన్ని.

“దినమూ అదే చూస్తుండాను అత్తా. చెప్పకుంటే రాకుండా ఉంటాదా?”

అయితే ఆ బీమాకి ఒక మెలిక ఉంది. దరఖాస్తులో చెప్పిన ప్రతి మాటా నిజమై ఉండాలి. స్థలం ఖాళీగా ఉంది, కట్టుబడి మొదలుపెట్టలేదు అని జెయంతి అంతకుముందే సంతకం చేసి ఇచ్చింది. ఇచ్చిన రోజుకి అది నిజమే. ఇప్పుడు అక్కడ మా తమ్ముడి వాసక్కాలు నిలబడి ఉంది.

జెయంతి మర్నాడే ఆఫీసుకు పోయి చెప్పాలనుకుంది. ఆ లోపలే తనిఖీకి వస్తున్నామని కబురు వచ్చేసింది. తమ్ముడూ జెయంతీ నేనూ స్థలం దగ్గరికి పోయాము. ఎండ మండిపోతోంది. చుట్టూ కరిసల్ నేల, అంటే నల్లరేగడి, బీటలు వారి ఉంది. దాని మధ్య పసుపు పూసిన ద్వారబంధం ఒక్కటే, ముందు లేదు వెనక లేదు. ఒక మేక ఆ ద్వారంలోంచి లోపలికి పోయి, లోపల ఏమీ లేదని చూసుకుని, మళ్ళీ ద్వారంలోంచే బయటికి వచ్చింది.

స్కూటరు మీద వచ్చిన సంఘం ఇన్‌స్పెక్టరు రాజగోపాలన్ ఆ మేకను చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. మంచి మనిషి, నడివయసు, నెత్తిన టోపీ పెట్టుకున్నాడు. తమిళంలో అన్నాడు, “ఇంటి కంటే ముందు వాకిలి వచ్చేసిందే!”

“మంచిరోజు పోతుందని పెట్టామండీ. ఊరికే, గాలికి నిలబెట్టింది” అన్నాడు మా తమ్ముడు, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని.

రాజగోపాలన్ చుట్టూ తిరిగి చూశాడు. రాళ్ళను బూటుతో తట్టి చూశాడు. జెయంతి ముఖం చూశాడు. నర్సమ్మ అని తెలుసు, ఒకసారి తన తల్లిని ఆ ఆస్పత్రిలోనే చేర్చాడట. “సరేలెండి, ఇంత చిన్నదానికి మీ పని ఆపడం ఎందుకు? ఖాళీ స్థలం అనే రాసేస్తాను” అన్నాడు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. తమ్ముడు ఆకాశంలోకి చేతులెత్తి దండం పెట్టాడు. అప్పుడు జెయంతి అంది:

“వద్దు సార్. ఖాళీ అని రాయొద్దు.”

రాజగోపాలన్ రాయబోతున్న పెన్ను పైకెత్తాడు.

“ఉన్నది ఉన్నట్టు రాయండి సార్. రేపు నేను చనిపోతే బీమా వాళ్ళు వచ్చి విచారిస్తారు. ముందే కట్టుబడి మొదలుపెట్టి అబద్ధం చెప్పింది అని ఎవరైనా అంటే, మా అత్తా నా కూతురూ మళ్ళీ వీధిలో నిలబడాలి. ఇది నేను తీసేస్తాను. తీసేశాక మళ్ళీ రండి. అది కూడా రాయండి.”

“రెండూ రాస్తే కమిటీ వద్దనవచ్చమ్మా.”

“వద్దంటే వద్దననివ్వండి సార్.”

ఆయన టోపీ తీసి, చెమట తుడుచుకుని, ఉన్నది ఉన్నట్టే రాసుకున్నాడు. రేపు మధ్యాహ్నం వస్తానని చెప్పి వెళ్ళాడు.

స్కూటరు మలుపు తిరగగానే మా తమ్ముడు ఇంట్లో మాట్లాడే మా తెలుగులోకి దిగాడు.

“దొరికిన దేవుణ్ణి తన్నినావు కదే! ఆయనే రాస్తానంటే నీకేమి నొప్పి?”

“ఆయన మంచోడు నాయనా. ఆయన మంచితనం బీమా ఆపీసులో చెల్లదు.”

“నిలిపిన వాసక్కాలు ఎప్పుడు పెరుకుతారో తెలుసునా నీకు? ఆ ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేనప్పుడు పెరుకుతారు. ఉసురుతో ఉండే ఇంటికి ఎవడూ పెరకడు.”

“తెలుసు నాయనా.”

“పెరికినావంటే నీ ఇంటి గడప నేను తొక్కను. చెప్పేసినా.”

జెయంతి తండ్రి ముఖంలోకే చూసింది. తల్లి లేని పిల్ల. దానికి పుట్టింటి తరఫున ఉన్నది ఆ ఒక్క మనిషే. నా కళ్ళ ముందు పాత వాకిళ్ళన్నీ మెదిలాయి. ఇప్పుడు ఇల్లే లేని ఈ వాకిట్లో కూడా ఒకరు ఇంకొకర్ని విడిచిపోతారా అనిపించింది. “వద్దులే అమ్మీ, నాయన మాట విను” అన్నాను. తను నా వైపు తిరిగి చూసింది, కోపంగా కాదు. కానీ వినలేదు.

మర్నాడు పొద్దున పక్క స్థలంలో పనిచేస్తున్న మగవాళ్ళను సాయం అడిగింది. గునపం ఇచ్చారు గానీ ఎవరూ చేయి వేయలేదు. “మాకూ పిల్లలున్నారమ్మా” అన్నాడొకడు. తమ్ముడు వ్యాను నీడలో అటు తిరిగి కూర్చున్నాడు.

జెయంతి చేతి గడియారం తీసి నాకిచ్చింది. కొంగు దోపుకుంది. ముందు వాసక్కాలు ఎదుట నిలబడి, కళ్ళు మూసుకుని, కింది చెక్కను రెండు చేతులతో తాకి కళ్ళకు అద్దుకుంది. ఇంటిదేవుణ్ణి వేడుకున్నట్టు ఏదో గొణిగింది. తరువాత గునపం ఎత్తింది. రోగి మంచం మీద దుప్పటి మార్చేటప్పుడు ఎలా ఉంటుందో అంత నెమ్మదిగా, ఒక్కొక్క రాయీ కదిలించి, మూలలు వదులు చేసింది. నుదుటి మీద చెమట కళ్ళలోకి కారుతోంది. తుడుచుకోలేదు.

“అత్తా, ఆ పక్క పట్టుకో. పడితే చెక్క చీలిపోతాది.”

నా చేతులు ముందుకు రాలేదు. తనకి ఏమైనా అయిపోతుందనే భయం. కానీ అది ఒక్కతే అంత బరువు మోస్తుంటే ఊరికే చూడటం ఇంకా భయంగా అనిపించింది. పోయి పట్టుకున్నాను. చెక్క ఎండకు కాలి ఉంది. ఇద్దరమూ దాన్ని పసిపిల్లను పడుకోబెట్టినట్టు నేల మీదికి దించాము. తను రాళ్ళన్నీ తీసి రోడ్డు పక్కకు మోసింది. గుంట పూడ్చి కాళ్ళతో తొక్కి చదును చేసింది. మా తమ్ముడు లేచి, డ్రైవరుతో కలిసి వాసక్కాలు వ్యానులోకి ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. జెయంతి చెంబుతో నీళ్ళు పట్టుకుని వెనకాల పోయింది. తమ్ముడు తాగలేదు. వ్యాను లేపిన దుమ్ములో తను ఆ చెంబుతో అలా నిలబడి ఉంటే, నా జీవితంలో ఇంత ధైర్యం గల మనిషిని నేను చూడలేదని అనిపించింది. మధ్యాహ్నం రాజగోపాలన్ వచ్చి చదునైన నేలను చూశాడు. రాసుకుని, వెళ్ళేటప్పుడు జెయంతికి నమస్కారం పెట్టాడు.

ఆడి వెళ్ళి ఆవణి నెల వచ్చాక కమిటీ కూర్చుంది. మేము విరుదునగర్‌లో బస్సు దిగి సంఘం ఆఫీసు దగ్గరికి పోయేసరికి, ఎదురుగా టీ అంగట్లో మా తమ్ముడు కూర్చుని ఉన్నాడు. నేను రోడ్డు దాటి పోయాను.

“లోపలికి రాకుంటే ఇంత దూరం యాల వచ్చినావురా?”

“టీ తాగను వచ్చినా అక్కా.”

“మీ ఊరు కళుగుమలైలో టీ లేదా?”

“ఉండాది. వాడు చక్కెర ఎక్కువ వేస్తాడు.” గ్లాసులోకి చూస్తూనే అడిగాడు, “ఇస్తారంటనా?”

“తెలీదు.”

“నేను ఇంటి గడప అంటిని. ఊరి గడప అనలేదు” అని ఇంకో టీ చెప్పాడు.

లోపల పొడుగాటి బల్ల వెనక కమిటీ వాళ్ళు. ముసలి అధ్యక్షుడు కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి జెయంతిని అడిగాడు, “ఒక రిపోర్టులో పని మొదలైంది అని ఉంది. మరునాటి రిపోర్టులో ఖాళీ అని ఉంది. ఏది నిజం?”

“రెండూ నిజమే సార్.”

“నిలిపిన వాసక్కాలు పీకేశారా? ఎవరు పీకమన్నారు?”

“మీ రూలు సార్.”

“ఇంట్లో పెద్దలు ఒప్పుకున్నారా?”

“మా నాన్న ఒప్పుకోలేదు. ఎదురుగా టీ తాగుతున్నారు.”

బల్ల వెనక అందరూ నవ్వారు. అధ్యక్షుడు నవ్వలేదు. రెండు రిపోర్టులూ మళ్ళీ చదివాడు. పక్కవాళ్ళతో తలలు దగ్గర పెట్టి మాట్లాడాడు. నేను బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను. చివరికి ఆయన, పునాది వేయలేదు, ఇప్పుడు స్థలం ఖాళీగా ఉంది, దరఖాస్తుదారు ఏమీ దాచలేదు, కాబట్టి అర్హత ఉంది అని కుమాస్తాతో రాయించాడు. జెయంతి చేతులు జోడించింది. అప్పుడు మాత్రం దాని కళ్ళు నిండాయి.

పక్క గదిలో కుమాస్తా ఒప్పందం గబగబా చదువుతూ సంతకాలు పెట్టే చోట్లు చూపిస్తున్నాడు. బీమా దగ్గరికి వచ్చేసరికి జెయంతి ఆపింది.

“ఇది మెల్లగా చదవండి సార్. మా అత్త వినాలి.”

నేను చెవులు మూసుకోబోయాను. తను నా చేయి పట్టుకుని కిందికి దించింది. అతను చదివాడు. అప్పు తీసుకున్న వ్యక్తి మరణించినచో, మిగిలిన బాకీ బీమా ద్వారా తీరుతుంది, ఇల్లు వారసులకే చెందుతుంది, వారిని ఖాళీ చేయించే హక్కు ఎవరికీ లేదు.

ఆ మాటల్లో ఇల్లు ఉంది. నేనూ సంగవీ ఉన్నాము. జెయంతి లేదు. తను లేని ఇంటిని తనే అలా ముందుగా తలచుకుని, అందులో మా ఇద్దరికీ చోటు ఉండాలని ఆ ఎండలో గునపం పట్టింది.

“మళ్ళీ ఒకసారి చదువు నాయనా” అన్నాను.

కుమాస్తా ఆశ్చర్యంగా చూసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. జెయంతి వంగి సంతకం పెడుతోంది. అతను చదవడం అయ్యేదాకా నేను దాని కొంగు అంచు పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాను.