చిమ్నీ ఏ పక్క ఉండె

జైపాల్ అంటే నాకు పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త హాయిగా ఉంటుంది.

పటాన్‌చెరులో నలభై ఏళ్లుగా ఫోటోలు తీస్తున్నవాణ్ని నేను. పెళ్లిళ్లు, సమ్మెలు, ఫ్యాక్టరీలకు కొబ్బరికాయలు కొట్టడాలు, అన్నీ నా కెమెరా ముందే జరిగాయి. ఇప్పుడు నా స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు, ఆధార్ జిరాక్సులు మిగిలాయి. జైపాల్‌కు ముప్పై నాలుగేళ్లు. మందుల కంపెనీలో ఉద్యోగం. ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగి గోడల మీది పాత ఫోటోలు అడిగి తీసుకుంటాడు. ఆ చోటు ఇప్పుడెక్కడుందో వెతికి, అక్కడే నిలబడి కొత్త ఫోటో తీస్తాడు. రెండూ పక్కపక్కన పెట్టి ఫేస్‌బుక్‌లో వేస్తాడు. అంతే పని. దానికి ఊరు ఊరంతా వాణ్ని నెత్తిన పెట్టుకుంది.

చలికాలంలో ఒకసారి నా స్టూడియోకు వచ్చాడు.

"కాకా, మీ దగ్గర పాత నెగెటివ్‌లు ఉంటయ్ గద. స్కాన్ చేసుకొని మళ్ల తెచ్చిస్త. మీ పేరే ఏస్త" అన్నాడు.

"యాడియి? చెమ్మకు ఖరాబైతే పారేసిన" అన్నాను.

అప్పుడు అతను కూర్చున్నది ఆ నెగెటివ్‌లున్న రేకు పెట్టె మీదే. మీద దుప్పటి పరిచి ఉంది కాబట్టి తెలియలేదు. ఎందుకు అబద్ధమాడానంటే, కుళ్లు. నా నలభై ఏళ్లు అతనికి ఒక్క ఆదివారం పని అయిపోతాయని కుళ్లు. "పోనీ తియ్యి కాకా" అని నవ్వుతూ వెళ్లాడు. ఆ నవ్వు కూడా నాకు నచ్చలేదు.

మొన్న శనివారం మధ్యాహ్నం అన్నం తింటుంటే మా ఆవిడ కౌసల్య ఫోన్ పట్టుకొచ్చింది.

"జెర సూడుండ్రి, జైపాల్ ఏం ఏసిండో. ఇస్నాపూర్ల సంగమ్మ వాళ్ల చాయ్ హోటల్. రేపు బడిల గియ్యన్ని పెడ్తున్నరంట. ఏం తెలివి పిలగానిది!"

ముద్ద పళ్లెంలోనే వదిలేసి ఫోన్ లాక్కున్నాను. అది నేను తీసిన ఫోటో. ఎనభై ఆరులో, స్టూడియో పెట్టిన మొదటి నెలలో. హైవే అంచున తాటాకుల హోటల్. పెద్దరాములు గ్లాసు ఎత్తి పట్టి చాయ్ తిరగబోస్తున్నాడు. పొయ్యి దగ్గర అతని భార్య సంగమ్మ. వెనక కుడి పక్కన ఫ్యాక్టరీ చిమ్నీ. పక్కనే జైపాల్ కొత్త ఫోటో. హోటల్ ఉండిన చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉందని కింద రాశాడు.

మళ్లీ చూశాను. పెద్దరాములు చొక్కా జేబు కుడి పక్కన ఉంది. సంగమ్మ కొంగు కుడి భుజం మీద ఉంది.

కుడి ఎడమైంది, ఫోటో తిరగబడింది! ఆ క్షణంలో కలిగినంత సంతోషం మా పెద్దమ్మాయి డిగ్రీ పాసైన రోజు కూడా కలగలేదు.

చెయ్యి కడుక్కొని, స్టూడియోకు వెళ్లి, పెట్టె తెరిచి, సాయంత్రం దాకా వెతికితే నెగెటివ్ దొరికింది. కిటికీ వెలుగుకు పట్టి చూశాను. చిమ్నీ ఎడమ పక్కనే ఉంది. సంగారెడ్డికి పోతుంటే హోటల్ కుడి చేతి వైపు ఉండేది. జైపాల్ తిరగబడ్డ ఫోటోను నమ్ముకొని, రోడ్డుకు అవతలి పక్క పోయి నిలబడ్డాడు. కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు తిప్పేసి ఉంటాడు. నెగెటివ్‌ను కవర్లో పెట్టుకొని జేబులో వేసుకున్నాను.

ఆదివారం పొద్దున బడి హాలు కిటకిటలాడుతోంది. గోడల పొడుగునా జతలు జతలుగా ఫోటోలు. జనం వాటి ముందు నిలబడి మా బాయి, మా గల్లీ అని వేళ్లు పెట్టి చూపించుకుంటున్నారు. ఎవరో ముసలాయన నన్ను గుర్తుపట్టాడు.

"నువ్వు గూడ ఒకప్పుడు ఫోటోలు తీస్తుంటివి గద?"

ఒకప్పుడట! నా స్టూడియో ఆ బడికి నూరు అడుగుల దూరంలో ఉంది. ఒళ్లు మండిపోయింది.

హాలు చివర సంగమ్మను కుర్చీలో కూర్చోబెట్టారు. పెద్దరాములు పోయి ఎనిమిదేళ్లయింది. ఆమె ముందు బల్ల మీద ఇంటి నుంచి తెచ్చిన పాత ఫోటో ఉంది. గోడ మీద దాని పెద్ద ప్రింటు ఉంది. పక్కన ఉండాల్సిన సెల్‌ఫోన్ల దుకాణం ఫోటో మాత్రం లేదు. మేకు ఒక్కటే ఉంది. తప్పు తెలిసి, చప్పుడు కాకుండా తీసేశాడన్న మాట. దొంగ దొరికాడనుకున్నాను.

"జైపాల్, ఈ ఫోటో ఉల్టా ఉంది" అన్నాను, అందరికీ వినబడేలా.

అతను గబగబా వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఎర్కే కాకా. పొద్దుగాల్నే తెల్సింది. మీరు జెర బయటికి రాండ్రి, చాయ్ తాగుకుంట మాట్లాడుదాం."

"చాయ్ ఎందుకు? ఈడనే మాట్లాడుదాం." చెయ్యి విదిలించుకున్నాను. "ఎవలన్న జేబు కుడి పక్క కుట్టించుకుంటరా? ఆడోళ్లు కొంగు గట్ల ఏసుకుంటరా? ఊరి చరిత్ర చెప్పేటోనికి రోడ్డుకు ఏ పక్క నిలబడాల్నో తెల్వకపాయె!"

జనం మూగారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు నాకు తేనెలా ఉంది.

"కాకా, వద్దు" అన్నాడు జైపాల్ మెల్లగా.

"ఎందుకొద్దు? కంప్యూటర్ల తిప్పి ఏసినవ్. అసలు నెగెటివ్ నా కాడుంది!" కవర్ తీసి పైకెత్తాను.

అతను దాన్ని చూశాడు. "పారేసిన అంటిరి గద" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. అలా అన్నా బాగుండేది.

మొహం జేవురించింది. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఇంకా గట్టిగా అరిచాను. "గా ముచ్చట తర్వాత. అసలు ఫోటో ఈడనే ఉంది గద, సూడుండ్రి అందరు!" అని సంగమ్మ ముందున్న ఫ్రేమును తీసుకున్నాను.

అసలు ఫోటోలో కూడా చిమ్నీ కుడి పక్కనే ఉంది.

ఫ్రేము వెనక్కి తిప్పాను. ఊదారంగు సిరాలో నా స్టూడియో ముద్ర. కింద నా చేతిరాతలో తేదీ. నెగెటివ్‌కు ఒక పక్క నిగనిగలాడుతుంది, ఒక పక్క మెరుపు లేకుండా మసగ్గా ఉంటుంది. చీకటి గదిలో మసగ్గా ఉన్న పక్కను కిందికి పెట్టి ప్రింటు తియ్యాలి. పని కొత్తగా నేర్చుకున్నవాడు మాత్రమే దాన్ని మరిచిపోతాడు. మరిచిపోయినవాణ్ని నేనే.

జైపాల్ ఆ ముద్రను పొద్దున్నే చూసి ఉంటాడు. అందుకే నన్ను బయటికి పిలిచాడు.

ఎవరూ నవ్వలేదు. సంగమ్మ నా చేతిలోంచి ఫ్రేము తీసుకొని కొంగుతో తుడిచింది.

"నువ్వు తెచ్చిచ్చిన దినమే నాకు తెల్సు తమ్మీ" అంది. "వాపస్ ఇద్దామంటే మా ఆయన వద్దన్నడు. పిలగాడు కొత్తగ దుకాణం పెట్టిండు, నలుగుర్ల అంటే సిన్నబోతడు, ఊకో అన్నడు. అద్దంల నాకు నేను గిట్లనే కనవడ్త తియ్యే అని నవ్విండు. ఇగ నేను గూడ ఎవలకు చెప్పలే. ఈ జైపాల్ నేను లేనప్పుడు మా కోడలి కాడ ఫోటో పట్టుకపోయిండు. పొద్దుగాల వచ్చి కొత్త ఫోటో సూసి, మన హోటల్ గీడ లేకుండె బిడ్డా అన్న."

ముప్పై తొమ్మిదేళ్లు. ఆ హోటల్ ఉన్నన్నాళ్లూ, బస్సు దిగినప్పుడల్లా అక్కడే చాయ్ తాగాను. గోడ మీద ఆ ఫోటో చూపించి, నేనే తీశానని పక్కవాళ్లకు గొప్పగా చెప్పాను. పెద్దరాములు ప్రతిసారీ తలూపేవాడు. నాకు సిగ్గేసింది. జైపాల్‌ను చూడలేకపోయాను.

"సరే, ఇప్పుడు పోయి సరైన చోట తీద్దాం" అన్నాడతను, ఏమీ జరగనట్టు. "అవ్వా, వస్తవా? కాకా, మీరు గూడ రాండ్రి. ఆ జాగా మీకే ఎర్క."

అతని కారులో ముగ్గురం ఇస్నాపూర్ వెళ్లాం. హోటల్ ఉండిన చోట ఇప్పుడు లారీ టైర్ల దుకాణం ఉంది. సంగమ్మను అక్కడ నిలబెట్టి నేను రోడ్డు అంచుకు వచ్చాను. పాత చిమ్నీ సగం కూలి, ఎడమ పక్కన, కొత్త భవనాల సందులోంచి కనబడుతోంది. జైపాల్ తన కెమెరా నా చేతిలో పెట్టాడు. నా దగ్గరున్న దానికంటే ఎంతో మంచి కెమెరా. అదీ నా కంట పడింది.

సంగమ్మ కొంగు ఎడమ భుజం మీద సర్దుకుంది. "ఈసారి జెర సీదా తియ్యి తమ్మీ!" అని అరిచింది.

తీశాను. కెమెరా తిరిగి ఇస్తూ, "నెగెటివ్‌లు అన్ని ఉన్నయ్. ఆనాడు నువ్వు కూసున్న పెట్టెలనే. రేపొచ్చి తీస్కపో" అన్నాను.

ఇంకొకడైతే నవ్వేవాడు. నేనైతే ఊరంతా చెప్పేవాణ్ని. జైపాల్ "సరే కాకా" అని తలూపాడు, అంతే. పెద్దరాములు కూడా ఇలాగే తలూపేవాడు. నాకు ఎన్నడూ చేతకానిది వీడికి ముప్పై నాలుగేళ్లకే ఎలా వచ్చిందా అని మళ్లీ కడుపు మండింది.