అల్లుడు గరాజ్‌లో గడిపే గంట

అమెరికా వచ్చిన కొండల్ రావుకి ప్లేనోలో అన్నీ నచ్చాయి, కూతురింటి గరాజ్ ఒక్కటి తప్ప.

రోజూ సాయంత్రం అల్లుడు దివాకర్ ఆఫీసు నుంచి వచ్చి, టీ తాగి, మళ్లీ గరాజ్‌లోకి వెళ్లి కారులో కూర్చుంటాడు. పోనీ ఎక్కడికైనా వెళ్తాడా అంటే, బండి స్టార్ట్ కూడా చేయడు. గంట తర్వాత మొహం కడుక్కుని ఏమీ ఎరగనట్టు వచ్చి టీవీ పెడతాడు. ఇదేం చోద్యమని పెద్దాయన ఒకనాడు తలుపు ఓరగా తీసి చూశాడు. సీటుకి వాలిన తల మాత్రం కనిపించింది. కళ్లు మూసుకుని ఉన్నాడు. అంతలో పెద్ద నిట్టూర్పు. కొండల్ రావు చప్పుడు చేయకుండా తలుపు మూసి వంటింట్లోకి నడిచాడు.

"అల్లుడు అక్కడేం చేస్తడు బిడ్డా?" అని కూతురు స్పందనని అడిగాడు.

"ఆఫీస్ కాల్ నాన్నా" అంది, గిన్నె మీంచి తల ఎత్తకుండా. ఆ పిల్లకి చిన్నప్పటి నుంచీ అబద్ధమాడటం చేతకాదు.

ఎదురింటి రవిశంకర్ ఉద్యోగం పోయి, వీసా గడువులోగా ఇంకోటి దొరక్క, సోఫా నుంచి పిల్లల సైకిళ్ల దాకా అమ్ముకుని ఇండియాకి వెళ్లిపోయింది పోయిన నెలే. ఇప్పుడు మనవాడి వంతు వచ్చిందన్నమాట! సూటిగా అడుగుదామంటే, ఉద్యోగం ఉందా పోయిందా అని అల్లుణ్ణి ఏ మామ అడుగుతాడు? ఇన్నేళ్లలో ఇద్దరి మధ్యా మాట "బాగున్నారా", "భోంచేశారా" దాటింది లేదు.

అడగలేక, తనకి తోచిన సాయం మొదలుపెట్టాడు. మోకాళ్ల నొప్పి వంకతో నయాగరా ప్రయాణం మాన్పించాడు. జనగాంలో ఇల్లు కట్టుకోవాలని దాచుకున్న ప్లాటుకి బేరం చూడమని తమ్ముడికి ఫోన్ చేశాడు. ఆ తమ్ముడూ చురుకైనవాడే. "పార్టీ దొరికిండన్నా, రేపు ఖాయం చేసుకుంటనంటుండు, ఏం చెప్పమంటవు?" అన్నాడు.

ఇక లాభం లేదని ఆ సాయంత్రం కొండల్ రావు గరాజ్‌లోకి నడిచి, కారు తలుపు తీసేశాడు.

దివాకర్ ఉలిక్కిపడ్డాడు. చేతిలోని గ్లాసు చొక్కా మీద ఒలికింది. పక్క సీట్లో రంగురంగుల బీరు డబ్బాలు, ఒళ్లో ఫోను.

"మామయ్య గారూ... అదీ... నేను..."

"జాబ్ ఉన్నదా బిడ్డా?"

"ఆఁ? ఉందండీ. మొన్ననే మంచి రేటింగ్ కూడా ఇచ్చారు."

"ఒట్టు?"

"ఒట్టండీ!"

కొండల్ రావు తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వూ వచ్చింది. ఇన్నాళ్లకి గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు.

"నేనొక వెబ్‌సైట్‌కి బీర్ల రివ్యూలు రాస్తానండీ" అన్నాడు దివాకర్ తల వంచుకుని. "ఫాల్, అంటే ఆకురాలే కాలం వస్తే కొత్త రకాలు దిగుతాయి. గుమ్మడికాయ బీరనీ, అక్టోబర్‌ఫెస్ట్ అనీ. పెద్దవారు, మీ ముందు తాగితే ఏం బాగుంటుందని..." తెనాలిలో వాళ్లింట్లో సోడా కొట్టిన చప్పుడైనా నాన్నగారు కళ్లజోడు సవరించుకునేవారు మరి.

"ఓరి నీ! మా దిక్కు దసరాకి అల్లుడొస్తే మామనే పోస్తడు. నువ్వు నియమాలోనివని నేను వచ్చినప్పటి సంది గొంతు ఎండబెట్టుకున్న!" డబ్బాలు జరిపి పక్క సీట్లో కూర్చున్నాడు. "ఇటు తే."

గుమ్మడికాయ బీరు రెండు గుక్కలు తాగి చప్పరించాడు. "లవంగం తెల్వబట్టె, దాల్చినచెక్క తెల్వబట్టె. గుమ్మడికాయేది?"

దివాకర్‌కి ఆ ముక్క తెగ నచ్చింది. రివ్యూలో ఎక్కించేశాడు. ఈలోగా పెద్దాయన తమ్ముడికి ఫోన్ కలిపాడు.

"తమ్మీ, ప్లాటు అమ్ముడు లేదు, పార్టీకి చెప్పు. ఎందుకా? అల్లుడు బీరు తాగుతుండు, అందుకు!"

దివాకర్ టైప్ చేయడం ఆపేశాడు. "ప్లాటా? జనగాంలోదా? ఎందుకమ్ముతున్నారు?"

"రవిశంకర్ లెక్క మీరు గూడ సామాన్లు అమ్ముకునే గతి రావొద్దని."

దివాకర్ ఫోను పక్కన పెట్టేశాడు. ఇన్నాళ్లూ బీరు దాచిన తన మొహమాటాన్ని తిట్టుకున్నాడు.

"మామయ్యా, ఎప్పుడైనా నిజంగా ఉద్యోగం పోతే ముందు మీకే చెప్తాను."

"చెప్పు. ఎంత కష్టమైనా చెప్పు" అన్నాడు కొండల్ రావు, అల్లుడి భుజం మీద చెయ్యి వేసి. "ఒక్కనివే మాత్రం కూసోకు."