వదిన ఉడకబెట్టిన స్వెటరు

"ఎవడో వేసుకుని వదిలేసిన స్వెటర్లు నా ఇంట్లోకి తెస్తావా? ఛీ!" అని మా ఆయన అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

మేం కొత్తగా కాపురం పెట్టింది ఆవిడ ఇంట్లోనే, వెనక గదిలో. వెలుతురు కోసం నా కుట్టు మిషన్ మాత్రం ముందు గది కిటికీ దగ్గర పెట్టుకున్నాను. ఆ మూల మీద వదిన కన్ను మొదటినుంచీ ఉంది.

నాకేమో మంచి పాత స్వెటరు దొరికితే కాళ్ళు నేల మీద నిలవవు. పాత ఫోటోల్లో అమ్మాయిలు వేసుకునే కోట్లు చూశారా, నడుం దగ్గర బిగుతుగా, గుండ్రటి కాలరుతో? అలా మారుస్తాను. నేను ఊలు విప్పుతుంటే మా ఆయన దాన్ని చుట్టించుకోడానికి రెండు చేతులూ చాపి బుద్ధిమంతుడిలా కూర్చుంటాడు. ముక్కు దురదపెడితే నేనే గోకాలి. అదో సంబరం!

"వీధి చివర బట్టల కొట్టావిడకి శనివారం ఒక కోటు చూపించాలి వదినా. నచ్చితే కొట్టు ముందరి అద్దాల్లో పెడుతుందట."

"నీ అతుకుల బొంత ఆ అద్దాల్లో కనిపిస్తే మిషన్ ఆ కిటికీ దగ్గరే ఉంచుకో. లేదంటే ఆదివారం పాత సామాన్లవాడి బండెక్కించేస్తా."

"మాట మీద నిలబడతారా?"

"నిలబడతాను, మహాతల్లీ."

ఏనుగుకి సరిపోయే మగవాళ్ళ స్వెటరొకటి తీశాను, దానిమ్మ గింజ రంగుది. కత్తెర పెట్టాలంటేనే భయం. అల్లికని కోస్తే కుట్లు జారి అంచంతా పోగులుగా ఊడుతుంది. కొట్టావిడ ఇదివరకు నా కోటు తిప్పి పంపింది ఆ అంచు చూసే.

శుక్రవారం పొద్దున దారం కొనుక్కొచ్చేసరికి, పొయ్యి మీద నా స్వెటరు కుతకుతలాడుతోంది. వదిన గరిటెతో తిప్పుతోంది.

"క్రిములు చావాలిగా," అంది, తల తిప్పకుండా.

"ఊలు ఎవరైనా ఉడకబెడతారా?"

"అరవకు. నా పొయ్యి, నా గిన్నె."

"నా స్వెటరు!"

తీసి చూస్తే సగమైంది. అట్టలా గట్టిపడింది.

"అయ్యో, పిల్లల చొక్కా అయిపోయిందే! బండివాడికి కబురు పెట్టనా?"

"అక్కా, ఇది అన్యాయం," అన్నాడు మా ఆయన.

"పెళ్ళానికి ఊలు పట్టేవాడివి, నువ్వు మాట్లాడకు."

ఎండలో ఆరాక, కోపంకొద్దీ దాని నడుం దగ్గర కసిగా కోశాను. ఒక్క కుట్టూ జారలేదు. ఇంకోచోట కోశాను. పోగు ఊడలేదు! ఉడికి ఊలు పోగులన్నీ ఒకదాన్నొకటి పెనవేసుకుపోయాయి. ఒంటికి ఆన్చుకుంటే అచ్చం నా కొలతే. గెంతాను. మా ఆయన కాలు తొక్కాను.

శనివారం సాయంత్రానికి కోటు అద్దాల్లో ఉంది, తెల్ల గుండీలతో. వదినని చెయ్యి పట్టుకు లాక్కెళ్ళి చూపించాను. ఆవిడ మొహం మాడిపోయింది.

"మిషన్ అక్కడే ఏడవనీ. నా గిన్నెకి రంగు పట్టింది, దాని సంగతేంటి?"

"అది నాకిచ్చేయండి వదినా. ఇంకో స్వెటరుంది. నీళ్ళు మీరే పెడతారా?"

విసురుగా నాకంటే ముందు వెళ్ళిపోయింది. నేను ఇల్లు చేరేసరికి ఆ గిన్నె నా మిషన్ మీద బోర్లించి ఉంది, కావాలనే తడితో. మిషన్ తుడుచుకుని, గిన్నె నింపి పొయ్యి మీద పెట్టాను.