వెనక బస్సు

ఓడవాళ్ళకు వానంటే గిట్టదు. వారం రోజులు షికారు ఓడలో నీళ్ళ మీద తేలి, ఆ తర్వాత రైలెక్కి మా డెనాలి అడవి దాకా వస్తారు. తీరా నా బస్సు మెట్టు మీద నాలుగు చినుకులు పడితే "అయ్యో, తడిసిపోతాం" అంటారు. పందొమ్మిదేళ్ళుగా వీళ్ళను అడవిలో తిప్పుతున్నాను. చలికాలం పక్కనున్న హీలీ ఊళ్ళో బడిపిల్లల బస్సు, ఎండాకాలం ఈ బస్సు. ఇద్దరిలో బడిపిల్లలే నయం, చెప్తే వింటారు.

వెర్నా మంచి డ్రైవరని నా గురించి ఇక్కడ అందరూ అంటారు. నేను ఏం చేశానో వాళ్ళకు తెలియదు. చేసింది ముందే చెప్పేస్తాను, తర్వాత మీరే తిట్టుకోండి.

మా అడవిలో ఉన్నది ఒకటే మట్టిరోడ్డు. దాని మీద రెండు రకాల బస్సులు తిరుగుతాయి. నాది ఓడవాళ్ళది. ఎవరి సీటు వాళ్ళకు ముందే రాసి ఉంటుంది. రెండోది నడిచేవాళ్ళది. వీపున సంచి వేసుకుని కొండల్లోకి పోయేవాళ్ళు దాంట్లోంచి ఎక్కడ కావాలంటే అక్కడ దిగుతారు, తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తుతారు. వాళ్ళను నేను ఎక్కించుకోకూడదని కంపెనీ నియమం. కానీ వానలో మనిషి నిలబడి ఉంటే, బస్సులో చోటుంటే, ఆ నియమం పాటించే డ్రైవరు మాలో ఒక్కడూ లేడు. నేనే ఎంతమందిని ఎక్కించుకున్నానో లెక్క లేదు.

పోయిన ఏడాది ఆగస్టు ఇరవై మూడు, సాయంత్రం నాలుగూ పది. టోక్లాట్ నది నుంచి తిరిగి వస్తున్నాను. యాభై ఒకటో మైలు దగ్గర వానలో ఒకతను నిలబడి చెయ్యెత్తాడు. పొడుగు మనిషి, ఎర్ర టోపీ. నా బస్సులో యాభై రెండు సీట్లు, యాభై ఒక్క మంది. ఒకాయన జలుబని హోటల్లోనే ఉండిపోతే ఆ సీట్లో ఆయన భార్య కోటూ చేతిసంచీ కూర్చున్నాయి. గంట నుంచి వెనకాల ఒకటే గోల. "డ్రైవరమ్మా, ఆరింటికి మాకు భోజనాలు, పాటల కార్యక్రమం ఉంది. మొదటి వరస! కాస్త తొక్కమ్మా!" అంతకు ముందురోజే నేను ఎక్కించుకున్న కుర్రాడెవడో ఒకావిడ తెల్ల బూట్ల మీద బురద కార్చాడని ఆవిడ మా మేనేజరు డ్వైట్‌కు ఫిర్యాదు రాసిచ్చింది. నా బుర్ర వేడెక్కి ఉంది. బొటనవేలితో భుజం వెనక్కి చూపించాను. వెనక బస్సు వస్తోంది, అది ఎక్కు అని. అతను సరేనని తలూపి, నా చక్రాల బురద మీద పడకుండా రెండడుగులు వెనక్కి వేశాడు. పావుతక్కువ ఆరుకల్లా ఓడవాళ్ళను భోజనానికి దించేశాను. అంత తొందరా పాటల కోసం.

వెనక బస్సు బురదలో దిగబడింది. రెండు గంటలు ఆలస్యంగా వచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు.

ఇంకో నాలుగు రోజులకు మా షెడ్డు బోర్డు మీద అతని ఫొటో అంటించారు. గారెట్ కెస్లర్, నలభై ఒకటి, ఒహాయో. నాలుగు రోజులకని వెళ్ళి తిరిగి రాలేదు. యాభై ఒకటో మైలుకు ఎదురుగా, నదికి అవతలి ఒడ్డున అతని గుడారం ఉంది, లోపల తిండి అలాగే ఉంది. దాని వెనకున్న కొండ ఎక్కుతానని రేంజర్లకు చెప్పి వెళ్ళాడట. అందుకని కొండ మీద వెతికారు. కుక్కలతో వెతికారు, హెలికాప్టరుతో వెతికారు. మంచు పడ్డాక మానేశారు. మొదటిరోజే జారిపడి ఉంటాడని తేల్చారు.

వానకు గుడారం అక్కడే వదిలేసి మూడోరోజు అతను రోడ్డు మీదికి వచ్చాడని తెలిసింది నాకొక్కదానికే. చలికి ఆగలేక, బస్సు రాక, తిరిగి గుడారానికి బయల్దేరి ఉంటాడు. పొద్దున మోకాళ్ళ లోతులో దాటిన నది, అంత వాన పడ్డాక సాయంత్రానికి ఛాతీ లోతుంటుంది. వాళ్ళు వెతకాల్సింది కొండను కాదు, నదిని. నేను నోరు తెరిస్తే ఎందుకాపలేదని అడుగుతారు, ఆ తర్వాతి ప్రశ్న "సీటు ఖాళీ ఉందా" అని. తెరవలేదు. పోయినవాడు ఎలాగూ పోయాడు అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు ఇప్పటికీ నా మొహం నేను చూసుకోలేను.

ఈ ఏడాది ఆగస్టులో ఒకరోజు డ్వైట్ నాకు ప్రయాణికుల జాబితా ఇస్తూ, "మొదటి సీటు పెద్దావిడకి మోకాళ్ళు బాలేవు. కొంచెం నెమ్మదిగా మాట్లాడు, కరవకు" అన్నాడు.

"నిన్ను తప్ప ఎవర్నీ కరవను" అని కాగితం లాక్కున్నాను. మొదటి పేరు నాడీన్ కెస్లర్. ఒహాయో. ఆ పేరు రెండోసారి చదివాను.

ఆమెకు డెబ్భై పైనే ఉంటాయి. మెడలో దుర్భిణీ, చేతిలో మడతలు పడ్డ పటం. నా వెనక సీట్లో కూర్చుని, "అమ్మాయ్, యాభై ఒకటో మైలు వస్తే చెప్తావా?" అంది. చెప్తానన్నాను.

మిగతావాళ్ళది మామూలు సంతే. పదిహేనో మైలు దాటగానే ఒకాయన, "ఆపండి! ఆపండి! ఎలుగుబంటి!" అని కేకేశాడు.

"అది బండరాయండీ. నేను వచ్చినప్పట్నించీ అక్కడే ఉంది. ఇంతవరకు ఎవర్నీ ఏమీ అనలేదు" అన్నాను. బస్సంతా నవ్వారు. నాడీన్ కూడా నవ్వింది. గారెట్ నవ్వు ఎలా ఉండేదో నాకు తెలియదు, ఆమెది మాత్రం మంచి నవ్వు.

యాభై ఒకటో మైలు దగ్గర చెప్పాను. ఆమె దుర్భిణీ తీసి నది అవతలి కొండ వైపు పెట్టింది. టోక్లాట్ చేరేదాకా దించలేదు. నది కళ్ళ ముందే, మా పక్కనే పారుతోంది. ఒక్కసారి కూడా దాని వైపు చూడలేదు.

టోక్లాట్‌లో అరగంట ఆగుతాం. అందరూ మరుగుదొడ్లకూ, ఫొటోలకూ దిగిపోయారు. ఆమె దిగలేదు. నేనూ దిగలేదు.

"మీరు దిగరా?" అన్నాను.

"మెట్లు దిగితే మళ్ళీ ఎక్కలేను తల్లీ. అందుకేగా ఓడలో వచ్చింది. ఓడలోంచి రైలు, రైల్లోంచి బస్సు, నా పెట్టె కూడా నాకంటే ముందే గదిలో ఉంటుంది. అదొక్కటే దారి నాకు. లేకపోతే నాకెందుకమ్మా ఈ ఓడలు? పుచ్చకాయతో హంసలు చెక్కి బల్ల మీద పెడతారు. దాని పక్కన కూర్చుని వారం రోజులు తిన్నాను. కొండ చూడ్డానికి వెళ్తున్నానని అందరికీ చెప్పాను. అబద్ధం కూడా కాదుగా." చేత్తో కొండ చూపించింది. "మా అబ్బాయి అక్కడున్నాడు."

"తెలుసండీ. ఫొటో చూశాను."

"మొదటిరోజే, ఒక్క క్షణంలో అయిపోయి ఉంటుందని రేంజరు చెప్పాడు. వాడికి తెలియను కూడా తెలిసి ఉండదట. ఆ మాట పట్టుకునే బతుకుతున్నాను." చేతిలో పటం మడిచింది. "నేను పోయాక బూడిద తెచ్చి విమానంలోంచి ఈ కొండ మీద చల్లమని మా మేనకోడలికి రాసిచ్చేశాను. కనీసం అప్పుడైనా వాడి పక్కనుంటాను."

నోరు మూసుకుని ఉండాల్సింది. ఏడాది మూసుకున్న నోరు, ఇంకో పావుగంట మూసుకోలేనా? కానీ ఆ తల్లి బూడిద వేరే కొండ మీద పడుతుందని తెలిసి కూర్చోవడం నా వల్ల కాలేదు.

"అబ్బాయి అక్కడ లేడండీ" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. చెప్పాను. మూడోరోజు అన్నాను, వాన అన్నాను, ఎర్ర టోపీ అన్నాను. బస్సు ఆపలేదన్నాను. నది మాట చెప్పేటప్పుడు ఆమె మొహం చూడలేక స్టీరింగు చూస్తూ చెప్పాను.

ఆమె దుర్భిణీ మెడలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత, "మూడోరోజా?" అంది. "అంటే రెండు రాత్రులు బాగానే ఉన్నాడన్నమాట. బాగానే ఉండి, ఇంటికి వద్దామని రోడ్డెక్కాడు."

"అవునండీ."

"తడిసిపోయాడా?"

"బాగా తడిశాడు."

"నువ్వేం చేశావు? చూపించు."

"ఎందుకండీ..."

"చూపించమంటున్నా."

బొటనవేలు భుజం వెనక్కి పెట్టి చూపించాను. ఆమె ఆ వేలినే చూస్తూ, "వాడేం చేశాడు?" అంది.

"తలూపాడు. వెనక్కి జరిగి నిలబడ్డాడు."

"అంతే చేస్తాడు. చిన్నప్పట్నించీ అంతే. ఒకర్ని ఇబ్బంది పెట్టడం రాదు వెధవకి." ఆమె పెదవులు అదిరాయి కానీ ఏడవలేదు. ఉన్నట్టుండి గొంతు మారింది. "మరి వెతుకుతున్నప్పుడు ఎందుకు చెప్పలేదు? వాళ్ళు తొమ్మిది రోజులు ఆ రాళ్ళల్లో వెతుకుతుంటే నువ్విక్కడే ఉన్నావుగా! బస్సు నడుపుతూనే ఉన్నావుగా!"

"భయపడ్డానండీ."

"దేనికి?"

నిజం చెప్పడానికి ఇదే సమయం. కోటూ చేతిసంచీ కూర్చున్న సీటు నా కళ్ళ ముందు మెదిలింది. నోట్లోకి మాట వచ్చింది కూడా. ఈలోపు ఆమె నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి.

"బస్సు నిండిపోయింది కదూ?" అంది. "చోటు లేదు కదూ? అందుకే కదూ ఆపలేదు?"

ఆమె అడగలేదు, బతిమాలింది. రేంజరు చెప్పిన మాటను నేను లాగేసుకున్నాను. ఇప్పుడు పట్టుకోవడానికి ఇంకొకటి కావాలి ఆమెకు. ఆమె మీద జాలితో చెప్పానో, నా మీద జాలితో చెప్పానో నాకు తెలియదు.

"నిండిపోయిందండీ. ఒక్క సీటు కూడా లేదు."

ఆమె గట్టిగా ఊపిరి వదిలి నా చెయ్యి నిమిరింది. "మరింకేం, నువ్వు మాత్రం ఏం చేస్తావు? నీ తప్పేముంది ఇందులో?"

ఓడవాళ్ళు బిస్కెట్లు నములుతూ ఎక్కడం మొదలుపెట్టారు. లేచి తలలు లెక్కపెట్టాను. రెండుసార్లు తప్పాను.

"వాడు నిలబడ్డ చోటు చూపిస్తావా?" అని వెనకనుంచి మెల్లిగా అడిగింది నాడీన్. యాభై ఒకటో మైలు దగ్గర బస్సు ఆపాను. ఆపగానే అందరూ కిటికీల మీద పడ్డారు, కెమెరాలు తీశారు.

"ఏముందమ్మా? ఎక్కడ? ఎలుగా?"

"ఏమీ లేదండీ."

"ఏమీ లేకుండా ఎందుకాపావు? మళ్ళీ ఆరింటికి భోజనాలున్నాయి మాకు!"

రోడ్డు పక్కన కాస్త గడ్డి, కొన్ని రాళ్ళు, అంతే. నాడీన్ అరచెయ్యి అద్దానికి ఆనించి చూసింది. తర్వాత నా భుజం తట్టింది, పోనివ్వమని. అక్కడినుంచి నది కనబడినంత దూరం నదినే చూసింది. దుర్భిణీ ఒళ్ళో పడుంది. రోడ్డు నదిని వదిలి పైకెక్కాక కళ్ళు మూసుకుంది. బూడిద ఇప్పుడెక్కడ చల్లాలో ఆమెకు తెలియదు. ఏడాదిలో ఆ నది వాడిని ఎక్కడిదాకా తీసుకుపోయిందో ఎవరికీ తెలియదు.

హోటలు ముందు అందరూ దిగాక చివర్న ఆమెను చెయ్యి పట్టి దింపాను. వాన మళ్ళీ మొదలైంది. డ్వైట్ గొడుగు పట్టుకుని వచ్చాడు.

"ఎలా ఉందండీ ప్రయాణం? మా వెర్నా ఏమైనా కసిరిందా?" అన్నాడు నవ్వుతూ.

"బంగారంలాంటి మనిషి" అంది నాడీన్. నా వైపు తిరిగి, అతనికి వినబడకుండా, "ఏడాదిగా మోస్తున్నావు పాపం. నిండిన బస్సుకి నువ్వేం చేస్తావు? నేను క్షమించాను, ఇంక మనసులో పెట్టుకోకు" అని నన్ను దగ్గరికి తీసుకుంది.

నా చేతులు ఆమె చుట్టూ వెయ్యలేకపోయాను. అలాగే నిలబడ్డాను. ఆమె గొడుగు కింద కుంటుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున రైల్లో ఓడ దగ్గరికి పోయింది.

క్షమించగలిగిన మనిషి ప్రపంచంలో ఆమె ఒక్కతే. ఆమె క్షమించింది నిండిన బస్సు నడిపినదాన్ని. నాకు అడగడానికి ఇంకెవరూ లేరు.